సెకండ్ హ్యాండ్ పికప్ కొనాలి: ఉప్పు తిన్న బండిని ఎలా గుర్తుపట్టాలి, రిపేర్లకు ఎంత పక్కన పెట్టుకోవాలి?

ముమ్మిడివరం కుర్రాడు

అందరికీ నమస్కారం అండి. కొబ్బరికాయ, అరటి గెలలు తోలడానికి సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొనాలని చూస్తున్నాను. కాయ అంబాజీపేటకి, గెలలు రావులపాలెం మార్కెట్‌కి. అప్పుడప్పుడు రాజమండ్రి కిరాయి కూడా దొరుకుతుంది. ఇప్పటిదాకా అద్దె బండ్ల మీద నడిపాను. మిగిలేదంతా కిరాయికే పోతోంది.

చేతిలో ఐదున్నర లక్షలు ఉన్నాయి. మూడు బండ్లు చూశాను.

మొదటిది 2018 మోడల్ బీఎస్ 4 (పాత పొగ నిబంధనల బండి), భీమవరం వైపు బండి. రొయ్యలు తోలేవారట. ఐదు లక్షలు చెబుతున్నారు. పెయింటు కొత్తగా ఉంది, ఇంజన్ మెత్తగా ఆడుతోంది.

రెండోది 2021 బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల బండి), యానాం నంబరు. ఐదు లక్షల ఎనభై వేలు చెబుతున్నారు, తగ్గుతారట. డాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలుగుతోంది. "సెన్సార్ అండి, ఏం కాదు" అన్నారు.

మూడోది 2016 మోడల్, కడియం నర్సరీ బండి. మూడు లక్షల తొంభై. క్యాబిన్ సొట్టలు, తొట్టి అంతా గీతలు, సీటు చిరిగిపోయింది. క్లచ్ కొంచెం జారుతున్నట్టు అనిపించింది.

ఇంట్లో వాళ్లు మొదటిదే బాగుంది అంటున్నారు. ఏది తీసుకోమంటారు? కొన్నాక రిపేర్లకు ఎంత ఉంచుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గూడెం మెకానిక్

తమ్ముడూ, మూడింటిలో ఇంట్లో వాళ్లకు నచ్చిందే నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. ఎందుకో వివరంగా చెబుతాను. ఇది తెలియక మన గోదావరి జిల్లాల్లో చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఇంజన్ చెడితే బాగుచేయొచ్చు. గేరుబాక్సు మార్చొచ్చు. ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే అడుగు ఫ్రేము, ఉప్పు తింటే మాత్రం ఆ బండికి పెట్టే ప్రతి రూపాయీ వృథా. రొయ్యల బండిలో ఏం జరుగుతుందో చూడండి. క్రేట్లలో ఐసు, రొయ్య, చెరువు ఉప్పునీరు కలిసి దారి పొడవునా కారుతూనే ఉంటాయి. తొట్టి రేకు అతుకుల్లోంచి ఆ నీళ్లు నేరుగా ఛాసిస్ మీద, వెనక కమాన్ (బరువు మోసే స్ప్రింగు) పట్టీల మీద, బ్రేకు పైపుల మీద పడతాయి. పని అయ్యాక తొట్టిని కడుగుతారు కానీ కింద ఎవరూ కడగరు. తుప్పు పైనుంచి కాదు, లోపలినుంచి మొదలవుతుంది. పెట్టె ఆకారంలో మూసి ఉన్న భాగాల్లో తడి ఆరదు. బయట నల్ల పెయింటు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రేకు పొరలు పొరలుగా ఊడుతుంటుంది.

కాబట్టి ఇంజన్ స్టార్ట్ చేసి వినడానికి ముందే బండి కిందికి దూరండి. పట్టపగలు వెళ్లండి, చేతిలో చిన్న సుత్తి, టార్చి ఉండాలి. ఛాసిస్ పొడవునా కొడుతూ పోండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది, పొట్టు రాలుతుంది. ముఖ్యంగా చూడాల్సినవి: వెనక కమాన్లను ఛాసిస్‌కి పట్టే షాకిల్ బిగించిన చోటు, రెండు వైపుల ఛాసిస్‌ను కలిపే అడ్డ పట్టీలు, క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు. మన దగ్గర ఓవర్‌లోడుకి ఛాసిస్ పగిలేది ఎక్కువగా ఆ సందు దగ్గరే. అక్కడ వెల్డింగ్ మచ్చ గానీ, అదనంగా వేసిన ప్లేటు గానీ కనబడితే బేరం ఆపేయండి.

అమ్మేముందు కింద కొత్తగా నల్ల పెయింటు కొట్టించారంటే దేన్నో కప్పారనే అనుకోవాలి. నడిచే బండికి అడుగున బురద ఉండాలి, గ్రీజు ఉండాలి. అది సహజం.

ఆకివీడు ఆక్వా

మెకానిక్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంట్లో చెరువులు, రెండు పికప్‌లు ఉన్నాయి కాబట్టి ఇంకో రెండు మాటలు కలుపుతాను.

ఒకటి, బతికిన చేపను ట్యాంకులో తోలిన బండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. పదిహేను వందల లీటర్ల ట్యాంకు నింపితే టన్నున్నర బండికి చేప వేయకముందే లోడు అయిపోయింది. పైగా నీళ్లు ఒక చోట ఉండవు. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు ఊగుతాయి, మలుపు తిరిగితే పక్కకు తోస్తాయి. ఆ బళ్లకు బ్రేకులు, కమాన్లు, ఛాసిస్ అన్నీ ముందే అలసిపోతాయి. తొట్టిలో ట్యాంకు బిగించిన బోల్టు రంధ్రాలు, గుండ్రటి గీతలు ఉన్నాయేమో చూడండి.

రెండోది డీజిల్. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడదని ప్రతి చెరువు గట్టు మీదా జనరేటర్ ఉంటుంది, దానికి డ్రమ్ముల్లో డీజిల్ నిలవ ఉంచుతారు. రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ములో చెమ్మ పడుతుంది, అడుగున నీళ్లు, తుప్పు చేరతాయి. బంకు దూరమని అదే డీజిల్ బండిలో పోస్తారు. పాత ఇంజన్లు ఎలాగో తట్టుకునేవి. ఇప్పటి కామన్ రైల్ (డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో కొట్టే) ఇంజన్లలో ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ముక్కులు, తట్టుకోవు. చెరువు దగ్గర నడిచిన బండి అంటే డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దింపే స్క్రూ విప్పి, గాజు సీసాలోకి పట్టి చూడాలి. నీళ్లు అడుగుకు దిగిపోయి స్పష్టంగా తెలుస్తాయి.

రావులపాలెం డ్రైవర్

ఆక్వా బండి అనగానే వద్దు అనేయడం న్యాయం కాదండి. మేత తోలిన బండి వేరు, రొయ్య తోలిన బండి వేరు. మేత బస్తాలు తడవకూడదు కాబట్టి ఆ బండిని టార్పాలిన్ కప్పి జాగ్రత్తగా ఉంచుతారు. డీలర్ల దగ్గర మేత తోలిన బళ్లు బంగారంలాంటివి నేనే చూశాను. ఏం తోలారో అడగాలి. ఓనర్‌ని అడిగితే ఏదో ఒకటి చెబుతారు, డ్రైవర్‌తో టీ తాగుతూ అడిగితే నిజం తెలుస్తుంది.

ఇంకో సంగతి. పశ్చిమ గోదావరి బండికి ఏపీ 37, తూర్పు గోదావరి బండికి ఏపీ 05 అని ఇదివరకు నంబరు చూడగానే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది. ఇప్పుడు ప్లేటు చూసి బండి సముద్రం పక్కదో మెట్టదో చెప్పలేం. ఆర్సీలో అడ్రసు చూడాలి, పాత ఓనర్ల ఊళ్లు అడగాలి.

గూడెం మెకానిక్

డ్రైవర్ గారు, ఒప్పుకుంటాను. మేత బండి అయితే నేనూ వద్దనను. కానీ తమ్ముడు రొయ్యలు అని స్పష్టంగానే రాశాడు కదా.

కడియం మొక్కలు

మా దగ్గర నర్సరీ బండి అంటే ఏమిటో చెబుతాను. మొక్కలు తేలికే, బరువంతా మట్టి సంచులది. లోడు చేశాక మొక్క వాడకుండా నీళ్లు కొడతారు, అప్పుడు బరువు ఇంకా పెరుగుతుంది. కాబట్టి నర్సరీ బండికి ఓవర్‌లోడు లేదనుకోకండి. కాకపోతే అది మంచినీరు. తొట్టి తుప్పు పట్టినా ఛాసిస్ అంత త్వరగా తినదు.

మా బళ్లకు పాడయ్యేది క్లచ్. కడియపులంకలో తోటల మధ్య దారులు సన్నం, వెనక్కీ ముందుకీ తిప్పుతూ హాఫ్ క్లచ్ మీదే నడుపుతారు. మీరు క్లచ్ జారుతోందని రాశారు. అది మా ఊరి జబ్బే, భయపడాల్సింది కాదు. కాకపోతే కింగ్ పిన్నులు, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగే పిన్నులు, చూడండి. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (లూజు) తెలుస్తుంది.

ముమ్మిడివరం కుర్రాడు

చాలా థాంక్స్ అండి. సుత్తి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆదివారం భీమవరం వెళ్లి చూస్తాను. ఈలోగా రిపేర్ల ఖర్చులు కొంచెం చెప్పగలరా? ఒక్కొక్కరు ఒక్కో రేటు చెబుతున్నారు.

గూడెం మెకానిక్

బయటి గ్యారేజీలో మా వైపు నడిచే రేట్లు చెబుతాను. బండి మోడల్‌ని బట్టి, సామాను కంపెనీదా లోకలా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. షోరూంలో దీనికంటే ఎక్కువే అవుతుంది.

క్లచ్ సెట్టు అంటే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చాలి. కూలితో పది పన్నెండు వేలు. ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చామనుకుంటే ఆరు నెలల్లో బేరింగు అరుస్తుంది, గేరుబాక్సు మళ్లీ దింపాలి, కూలి మళ్లీ పెట్టాలి. ఫ్లైవీల్ మీద గాట్లు ఉంటే లేత్ మీద ఫేసింగ్ (చదును) చేయించడానికి ఇంకో వెయ్యి పైన.

గేరుబాక్సు శబ్దం, గేరు ఎగిరిపోవడం ఉంటే గేరు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు, బేరింగులు కలిపి పదిహేను నుంచి పాతిక వేలు. వెనక ఇరుసు హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ అనే గేర్ల జత ఊళ వేస్తుంటే అది ఇంకో పద్దెనిమిది, ఇరవై వేలు. ఊళ ఎప్పుడు వస్తుందో గమనించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి వదిలితే ఆగితే క్రౌన్ పినియన్‌ను అనుమానించాలి. బండి వేగంతో పాటు పెరుగుతూ, తొక్కినా వదిలినా ఒకేలా ఉంటే చక్రం బేరింగు. బేరింగు అయితే రెండు మూడు వేలతో పోతుంది. ఈ రెంటికీ తేడా తెలియక హౌసింగ్ మొత్తం మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

కమాన్లు ఒక పక్క కుంగిపోతే కొలిమి దగ్గర వంపు పట్టించి, విరిగిన పట్టీ మార్చి, బుష్‌లు వేస్తే ఒక జతకు ఐదారు వేలు. కింగ్ పిన్నులు రెండు పక్కలా ఆరేడు వేలు. టైర్లు కంపెనీవి ఒక్కొక్కటి ఏడు వేల పైనే. అరిగిన టైర్ల బండి కొంటే ఆ ముప్పై వేలు బేరంలోనే తగ్గించుకోవాలి.

ఇక ఇంజన్. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) రీకండిషన్ పన్నెండు నుంచి పదిహేను వేలు, కొత్తది దానికి రెట్టింపు. ఇంజెక్టర్ ఒకటి రీకండిషన్ చేయించడానికి నాలుగైదు వేలు, కొత్తది పదిహేను వేల దాకా. నాలుగు సిలిండర్లకు నాలుగు ఉంటాయని మరిచిపోవద్దు. హై ప్రెషర్ పంపు చెడితే ఇరవై వేలు. హెడ్ గాస్కెట్ పోతే హెడ్డు ఫేసింగ్‌తో సహా పది వేలు. బోరు పని, పిస్టన్లు, రింగులు, బేరింగులతో పూర్తి ఇంజన్ పని ఎనభై వేల నుంచి లక్షా పాతిక వేల దాకా పోతుంది.

అందుకే నా లెక్క, ఐదున్నర ఉంటే బండికి నాలుగు, నాలుగుంపావు కంటే పెట్టకండి. లక్ష రూపాయలు రిపేర్లకు కదలకుండా ఉండాలి. మిగిలింది ఇన్సూరెన్సు, ట్రాన్స్‌ఫర్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఖర్చులకు.

భీమవరం స్పేర్స్

ఇంజెక్టర్ల మీద చిన్న అభ్యంతరం మాస్టారూ. రీకండిషన్ అని లోకల్‌గా నాజిల్ మార్చి ఇస్తే అది ఎన్నో రోజులు నిలవదు. టెస్ట్ బెంచ్ మీద పెట్టి, ఎంత డీజిల్ కొడుతోంది, ఎంత రిటర్న్ వెళ్తోంది అని కాగితం మీద రాసిచ్చే చోటే చేయించాలి. ఆ కాగితం ఇవ్వకపోతే డబ్బు దండగ.

గూడెం మెకానిక్

నిజమే, నేనూ ఆ కాగితం లేకుండా తీసుకోను. కొనేముందే రిటర్న్ టెస్ట్ చేయించొచ్చు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు నాలుగు చిన్న సీసాల్లో పెట్టి ఇంజన్ ఆడిస్తే, ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగినట్టు. పావుగంట పని, మనవాళ్లలో చాలామంది ఇది అడగరు.

ఇంజన్ విషయంలో ఇంకొకటి తప్పకుండా చేయండి. తెల్లవారుఝామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. "మీరు వస్తారని స్టార్ట్ చేసి ఉంచాం" అంటే చల్లారేదాకా కూర్చోండి. వేడి ఇంజన్ అన్ని రోగాలనూ దాస్తుంది. మొదటి సెల్ఫ్‌కే అందుకోవాలి. నీలం పొగ వస్తే ఆయిలు తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానం. లోడు మీద నల్ల పొగ వస్తే గాలి ఫిల్టరో, టర్బో పైపో, ఇంజెక్టరో. తర్వాత ఇంజన్ ఆడుతుండగానే ఆయిలు పోసే మూత విప్పి, అదే రంధ్రం మీద తలకిందులుగా ఆనించి చూడండి. కొంచెం అదిరితే ఫర్వాలేదు. ఎగిరిపడి పొగ కొడుతుంటే రింగులు పోయాయి, ఎనభై వేలు సిద్ధం చేసుకోవాలి.

పాలకొల్లు 216

ఇంజన్ పని ఎందుకు, ఆటోనగర్‌లో నడిచిన ఇంజన్ తెచ్చి వేసుకుంటే సగం ఖర్చుతో పోతుంది కదా?

కాకినాడ పేపర్లు

పోదు. ఇంజన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. వేరే ఇంజన్ వేస్తే రవాణా శాఖలో ఆ మార్పు రాయించాలి. ఆ ఇంజన్ ఎక్కడినుంచి వచ్చిందో బిల్లు చూపాలి. రాయించకపోతే ఫిట్‌నెస్‌లో ఆగిపోతుంది, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది. దొంగ బండి ఇంజన్ అయితే కేసు మీ మీదికే వస్తుంది.

నేను ఈ కాగితాల పనిలోనే ఉన్నాను కాబట్టి మిగతావి కూడా చెబుతాను. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పన్ను ఎప్పటిదాకా ఉన్నాయో, ఫైనాన్స్ ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. చలాన్లు విడిగా చూడాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 మీ చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30. అమ్మినాయన ఇదే రాష్ట్రంలో అయితే పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి.

చాలామంది ఖర్చు దండగని పాత ఓనర్ పేరు మీదే నడిపేస్తారు. ఇది ఇద్దరికీ ప్రమాదమే. రికార్డులో ఎవరి పేరు ఉంటే పరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు అమ్మేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

గూడ్స్ బండికి ఎనిమిదేళ్ల వయసు దాకా ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. 2016 మోడల్ అంటే ఏటా చేయించాల్సిందే. అది ఖర్చుల్లో వేసుకోండి. మొత్తం బరువు, అంటే బండీ లోడూ కలిపి, మూడు టన్నులు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. టన్నున్నర పైన మోసే పికప్‌లు ఎక్కువగా దాటుతాయి, ఆర్సీలో స్థూల బరువు అని ఉండేది అదే, చూసుకోండి.

యానాం నంబరు బండి అంటే పీవై 04, పుదుచ్చేరి కిందికి వస్తుంది. మీ ఇంటికి కొద్ది దూరమే అయినా కాగితాల్లో అది వేరే ప్రాంతపు బండి. అక్కడినుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపి చూస్తే చవక అనిపించదు.

ఉండి రైతు

నాకు మామూలు కారు లైసెన్సే ఉంది. దాంతో పికప్ నడపొచ్చా? మా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారు.

కాకినాడ పేపర్లు

నడపొచ్చండి. స్థూల బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. లైసెన్సు గడువు దాటకుండా చూసుకోండి.

యలమంచిలి లంక

వరద బళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022 జులైలో గోదావరి వచ్చినప్పుడు మా లంకల్లో చాలా బళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు ముంచింది. ఆ బళ్లు అక్కడే ఉండిపోలేదు కదా, కడిగి ఎక్కడో అమ్ముడుపోయాయి. సీటు కింద పట్టాల సందుల్లో, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివరి మూరలో, ఫ్యూజు పెట్టె మూత వెనక సన్నటి ఒండ్రు కనబడుతుంది. ఎంత కడిగినా అక్కడ పోదు. అలాంటి బండికి వైరింగు సమస్య ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. ఒక్కో కనెక్టరు లోపల పచ్చగా చిలుం పడుతుంది.

రావులపాలెం డ్రైవర్

బీఎస్ 6 బండి సంగతి కూడా మాట్లాడాలి. ఆ పసుపు లైటును "సెన్సార్ అండి" అని తేల్చేయడం నాకు నచ్చలేదు.

గూడెం మెకానిక్

నాకూ నచ్చలేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్ 6. వీటి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి నిండాక అది దాన్ని తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు దాదాపు ఆరు వందల డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. మన దగ్గర ఏం జరుగుతోంది? తోట నుంచి మార్కెట్, కాలువ గట్టు మీద ముప్పై వేగం, ఊరికో స్పీడ్ బ్రేకరు, ఐదు నిమిషాలకోసారి ఆగడం. మసి కాలడం మొదలవగానే బండి ఆపేస్తారు. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆపేస్తారు. చివరికి మూసుకుపోయి బండి లాగుడు తగ్గిపోతుంది, లైటు వెలుగుతుంది.

తొలిదశలో అయితే స్కానర్ పెట్టి బలవంతంగా కాల్చొచ్చు, వెయ్యి రెండు వేల ఖర్చు. విప్పి శుభ్రం చేయిస్తే పది వేలు దాటుతుంది. లోపల కరిగిపోయి కొత్తది వేయాలంటే మోడల్‌ని బట్టి లక్షకు అటూ ఇటూ అడుగుతున్నారు. కొందరు దాన్ని కోసి తీసేసి, కంప్యూటర్‌కు తప్పుడు లెక్క ఎక్కించి ఇస్తున్నారు. అది చట్టవిరుద్ధం. పొగ పరీక్షలో దొరికిపోవచ్చు. మనం పీల్చే గాలిలోకి ఆ మసి అంతా వదిలినట్టే. నా షెడ్డులో ఆ పని చేయను.

రాజమండ్రి, విజయవాడ హైవే మీద రోజూ తిరిగేవాళ్లకు బీఎస్ 6 మంచి బండే. తమ్ముడి పని అంతా తోట నుంచి మార్కెట్‌కి. నిక్షేపంగా ఉన్న బీఎస్ 4 దొరికితే అదే మేలు. బీఎస్ 6 తప్పనిసరైతే, కొనేముందు స్కాన్ చేయించి డీపీఎఫ్‌లో మసి ఎంత శాతం ఉందో రాయించుకోండి. ఐదు వందలో వెయ్యో ఖర్చు. మీటరు తిప్పారేమో కూడా కొన్ని మోడళ్లలో ఆ స్కాన్‌లోనే బయటపడుతుంది.

ఆకివీడు ఆక్వా

కొబ్బరి లోడు గురించి కూడా తమ్ముడికి చెప్పండి. వలవని పచ్చికాయ కిలో పైనే తూగుతుంది. టన్నున్నర బండిలో రెండు వేల కాయ వేసి "తేలిక లోడే" అంటుంటారు.

కాకినాడ పేపర్లు

పట్టుబడితే ఓవర్‌లోడుకి ఇరవై వేలు, పైన అదనపు టన్నుకు రెండు వేల చొప్పున. ధాన్యం తోలేవాళ్లూ వినండి. మన బస్తా 75 కిలోలు, ఇరవై బస్తాలకే టన్నున్నర.

ముమ్మిడివరం కుర్రాడు

ఆయ్ అండి, భీమవరం బండి చూసి వచ్చాను. ఎడమవైపు వెనక షాకిల్ దగ్గర సుత్తితో కొడితే పెయింటుతో పాటు అరచేయంత పొర ఊడింది. లోపల వేలు దూరేంత రంధ్రం. ఓనర్ గారు "వెల్డింగ్ చేయించి ఇస్తాను" అన్నారు. తీసుకోనని చెప్పేశాను.

కడియం బండిని ఉదయం ఆరింటికి చూశాం. మా మావయ్య కూడా వచ్చారు. సెల్ఫ్ మొదటిసారికే అందుకుంది, కొంచెం తెల్లపొగ వచ్చి వెంటనే ఆగింది. మూత ఎగరలేదు. ఛాసిస్ అంతా ఖంగుమంది. అడ్డ పట్టీ ఒకదాని మీద పైపైన ఎర్రతుప్పు ఉంది. క్లచ్ పోయింది, అది ఖాయం. మూడో గేరు దిగేటప్పుడు చిన్న గరగర. ముందు కుడి చక్రంలో ఆట ఉంది. వెనక టైర్లు రెండూ అరిగాయి. ఆర్సీ రెండో ఓనర్, ఫైనాన్స్ లేదు. ఫిట్‌నెస్ ఇంకో రెండు నెలలే ఉంది. ఎంతకు అడగమంటారు?

గూడెం మెకానిక్

క్లచ్ పన్నెండు వేలు, కింగ్ పిన్నులు ఏడు, టైర్లు రెండు పదిహేను. గేరుబాక్సు ఎలాగూ క్లచ్ కోసం దింపుతారు కాబట్టి అప్పుడే మూడో గేరు సింక్రో రింగు చూసి మార్పించండి, కూలి కలిసొస్తుంది. దానికి పది వేలు వేసుకోండి. ఫిట్‌నెస్‌కు ముందు బ్రేకు లైనర్లు, లైట్లు, క్యాబిన్ సొట్టలు, పెయింటు కలిపి ఇంకో పదిహేను. అరవై వేల దాకా లెక్క కనబడుతోంది. ఈ లెక్క కాగితం మీద రాసి ఓనర్ ముందు పెట్టండి, గొడవ పడొద్దు. మూడు నలభైతో మొదలుపెట్టి మూడు అరవైలోపు ముగిస్తే మంచి బేరమే.

కడియం మొక్కలు

మా ఊరి వాళ్లు రాసిచ్చిన లెక్కకు మర్యాద ఇస్తారు. డబ్బు మొత్తం ఒకేసారి ఇస్తామంటే ఇంకాస్త దిగుతారు.

ముమ్మిడివరం కుర్రాడు

మూడు యాభై ఐదుకి కుదిరింది. అడ్వాన్సు ఇచ్చి ఫారాల మీద సంతకాలు తీసుకున్నాను. క్లచ్ పనికి బుధవారం దింపుతున్నాను. ఆ ఎర్రతుప్పు ఉన్న పట్టీకి ఏం చేయాలి? పాత ఇంజన్ ఆయిలు కొట్టమని మావయ్య అంటున్నారు.

గూడెం మెకానిక్

పాత ఆయిలు వద్దు. రబ్బరు బుష్‌లు, బ్రేకు గొట్టాలు ఉబ్బి పాడవుతాయి. ఆ జిగురుకి దుమ్ము పట్టి తడి నిలుస్తుంది కూడా. వైరు బ్రష్‌తో లోహం కనబడేదాకా గీకించండి. మంచినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో ఆరనివ్వండి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన పెయింటు. తడి మీద అండర్ కోటింగ్ వేయిస్తే తుప్పును లోపల పెట్టి మూసినట్టే అవుతుంది. ఛాసిస్ అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి, మట్టితో పూడిపోయి ఉంటే తీగతో పొడిచి తెరవండి.

సఖినేటిపల్లి రేవు

ఇదే చర్చలో నా ప్రశ్న కూడా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను నరసాపురం పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) మీద పికప్ దాటిస్తుంటాను. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చక్రాలు సగం దాకా నీళ్లలో మునుగుతాయి. వెనక బ్రేకులు మర్నాడు పొద్దున్నే పట్టేస్తున్నాయి. ఏం చేయాలి?

గూడెం మెకానిక్

అక్కడ పోటు మీద ఉప్పునీరు పైకి వస్తుంది కదా, అది డ్రమ్ములోకి వెళ్లి రాత్రికి రాత్రే తుప్పు కట్టి లైనర్లను అంటిస్తోంది. దాటాక కొద్ది దూరం బ్రేకు మెల్లగా తొక్కుతూ నడపండి, వేడికి డ్రమ్ములు ఆరతాయి. రాత్రి ఆపేటప్పుడు చదునైన చోట గేరులో పెట్టి, చక్రానికి చెక్క అడ్డం పెట్టండి, హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయొద్దు. ఇంటికి రాగానే చక్రాల లోపలి వైపు మంచినీళ్ల పైపుతో కొట్టండి. నెలకోసారి డ్రమ్ములు విప్పి దులిపించి, హబ్ గ్రీజు రంగు చూడండి. తెల్లగా పాలలా మారిందంటే సీలు పోయి నీళ్లు లోపలికి వెళ్తున్నట్టు. సీలు, గ్రీజు కలిపి చక్రానికి ఐదారు వందలతో పోతుంది. బేరింగు దాకా రానిస్తే మూడు వేలు.